ఎడారిలో నీళ్లకు కావలి

మా పోశక్క రాజస్థాన్ ఎడారిలో అయిదు రోజులు నడిచి వచ్చిందంటే సిరోంచలో సగం మంది ఇప్పటికీ నమ్మరు. నమ్మినవాళ్లు కూడా, మీ అత్తగారి సంచులు మోయడానికి తీసుకుపోయి ఉంటారులే అని మూతి తిప్పుతారు. తీసుకుపోయింది నిజంగా అందుకే. అది దాచిపెట్టి మా ఇంటి గొప్ప చెప్పుకోవాలని నాకేమీ లేదు. అయితే అక్కడ ఎవరు ఎవరిని కాచారో నా కళ్లతో చూశాను. అది చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

పోశక్కది రేగుంట. యాభై దాటాయి. ఎన్ని దాటాయో ఆమెకూ తెలియదు, ఆధార్ కార్డులో ఉన్న పుట్టిన తేదీ ఎవరో గుమాస్తా దయతలచి వేసింది. ఏడాదిలో కొన్నాళ్లు ఇప్పపువ్వు, తునికాకు అంటూ అడవిలో ఉంటుంది. మిగతా నాళ్లు మా దుకాణం వెనక గోదాములో కూర్చుని చింతపండు గింజ తీస్తుంది, పప్పులు చెరుగుతుంది. మనిషి పొట్టి, నడక చురుకు. చెప్పులు కొనిస్తే ఇంట్లో దాచుకుని ఒట్టి కాళ్లతో వస్తుంది. మాట చాలా తక్కువ. నోట్లోంచి వచ్చే ముందు ప్రతి మాటనూ చేటలో వేసి చెరుగుతుందేమో అనిపిస్తుంది.

ఆ కొరత మా అత్తమ్మ శారదమ్మ తీరుస్తుంది. నలభై ఏళ్లుగా కిరాణా దుకాణంలో గల్లా ముందు కూర్చున్న మనిషి. గల్లాపెట్టెకు తాళం ఉంది గానీ ఆమె నోటికి లేదు. కొనడానికి వచ్చినవాడి పెళ్లాం జ్వరం దగ్గర మొదలుపెట్టి వాడి తాత తాగుడు దాకా వెళ్లి వస్తుంది. మనసు మంచిదే. కాకపోతే ఆమెకు ప్రేమ పుట్టినా, బాధ పుట్టినా బయటికి వచ్చేసరికి తిట్టయిపోతుంది. నేను కోడలిగా వచ్చి పద్నాలుగేళ్లయింది, ఇది అర్థం కావడానికి అందులో సగం పట్టింది.

పోశక్క పెనిమిటి పేరు సోము. చలికాలంలో ప్రాణహిత సన్నబడి ఇసుక బయటపడగానే, అందులో గుంటలు తీసి, ఎరువు వేసి పుచ్చతీగలు పెట్టేవాడు. కాయ పడ్డాక అడవి పందులు రాకుండా ఇసుకలోనే గుడిసె వేసుకుని మొగుడూ పెళ్లాలు వంతులవారీగా కావలి పడుకునేవారు. పదకొండేళ్ల కింద మాఘమాసంలో ఒకనాడు కొడుకు నాగేష్‌కు జ్వరం వచ్చిందని పోశక్క ఊళ్లోకి వెళ్లింది. ఎగువన ఎక్కడో అకాలంగా కుండపోత వాన పడింది. ఇక్కడ మబ్బు తునక కూడా లేదు. తెల్లవారుజామున నీళ్లు వచ్చాయి. సోము మూడో రోజు దిగువన దొరికాడు.

నెల తర్వాత పోశక్క మళ్లీ పనికి వచ్చింది. అత్తమ్మ ఆమెను చూసింది, పెదవులు వణికాయి, ఇగ ఏడుస్తుందనుకున్నాను. కానీ ఆమె నోటి నుంచి వచ్చింది ఇది: "ఇసుకల ఎవ్వడు పండుకోమన్నడే వాన్ని?"

గోదాములో ఉన్న నలుగురమూ తల దించుకున్నాం. పోశక్కకు కోపం రాలేదు. "లేపెటోళ్లు లేకపోయిరమ్మా," అని చేట ముందుకు లాక్కుంది.

ఆ రోజు అత్తమ్మ అన్నం ముట్టలేదు. తప్పయిందని కూడా అనలేదు. ఆ తర్వాత పదకొండేళ్లలో పోశక్కకు చీరలు ఇచ్చింది, నాగేష్‌కు పెర్మిలిలో ట్రాక్టర్ నడిపే పని చూసిపెట్టింది, కానీ ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోవడం మాత్రం ఆమెకు చేతకాలేదు. అన్న మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయిందని నాకు తెలుసు. ఎందుకంటే ఆ తర్వాతే ఆమెకు మౌనవ్రతం పిచ్చి పట్టుకుంది.

ఇంట్లో రెండుసార్లు ప్రయత్నించింది. మొదటిసారి పొద్దున తొమ్మిదింటికే, తూకంలో తేడా చేసిన నూనె వ్యాపారి పుణ్యాన భంగమైంది. రెండోసారి సాయంత్రం దాకా నెట్టుకొచ్చింది. అప్పుడు నేను పోపు మాడ్చాను. మౌనం పోయిన కోపమంతా నా మీదే పడింది, మా పుట్టింటి మంచిర్యాలలో అందరి వంటలూ ఆ రోజు విమర్శకు వచ్చాయి.

అలాంటి సమయంలో చంద్రపూర్ నుంచి కళ్యాణి తాయి కబురు వచ్చింది. తాయి అంటే మరాఠీలో అక్క. ఆమె బడిలో మరాఠీ చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు ఏటా చలికాలంలో ఆడవాళ్లను ఎడారికి తీసుకువెళ్లి అయిదు రోజులు మౌనంగా నడిపిస్తుంది. పొద్దున నడక, మధ్యాహ్నం నీడలో ధ్యానం, సాయంత్రం మళ్లీ నడక, రాత్రి ఇసుకలో పడక. అత్తమ్మ వెంటనే పేరిచ్చింది. మోకాళ్లు అరిగిన మనిషివి ఎట్ల నడుస్తవు అని మా ఆయన కాశీనాథ్ మొత్తుకున్నాడు. దుకాణంలో నోరు మూసుకోవడం తన వల్ల కాదని, మాట్లాడటానికి మనిషే దొరకని చోటికి పోతేనే కుదురుతుందని ఆమె తేల్చి చెప్పింది. చివరికి నన్నూ పొమ్మన్నారు. ఇద్దరమే అయితే మూడో రోజుకు ఒకరినొకరు పీక్కుతింటామని తెలిసినవాడు కాబట్టి మా ఆయన పోశక్కను కూడా పిలిచాడు.

"అమ్మను నీకు అప్పజెప్తున్న పోశక్కా. మళ్ల నాకు అప్పజెప్పాలె," అన్నాడు.

పోశక్క కాసేపు ఆలోచించి "సరే" అంది. ఆ సరేను మేమంతా అక్కడికక్కడే మరిచిపోయాం. ఆమె మరవలేదు.

బల్లార్షాలో రైలెక్కి, మధ్యలో మారి, మూడో రోజు దిగాం. అక్కడి నుంచి జీపుల్లో ఎడారి అంచుకు. మొత్తం పద్దెనిమిది మందిమి. తాయి కాగితాలు తీసి, మీ వెంట సహాయకురాలు అని రాసి ఉందే, ఇక్కడ ఎవరికీ సహాయకులు ఉండరు, ఎవరి పక్కబట్టలు వాళ్లే మోసుకోవాలి, ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కోవాలి అంది. సహాయకురాలు అన్న మాట కొట్టేసి పోశక్క పేరు ఎదురుగా యాత్రికురాలు అని రాసింది. అత్తమ్మ ముఖం చూడాల్సింది. నలభై ఏళ్ల తర్వాత తన చెంబు తనే మోసింది.

మౌనం మర్నాడు పొద్దున గంట కొట్టాక మొదలవుతుంది. ఆ సాయంత్రం ఇంకా మాట్లాడుకోవచ్చు. జీపు దిగగానే ఎదురుగా ఇసుక. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఇసుకే. మేమందరం ఫోటోలు తీసుకుంటూ ఉంటే పోశక్క కూర్చుని గుప్పెడు ఇసుక తీసి, అరచేతిలో రుద్ది, వాసన చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"ఈ వాగు పేరేంది, నందమ్మా?"

నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. పుట్టి పెరిగిందంతా నది పక్కన, జన్మలో ఆమె చూసిన ఇసుకంతా నీళ్లు తెచ్చి పోసిందే. నీళ్లు తేని ఇసుక కూడా ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? ఇది వాగు కాదు, ఎడారి అని చెప్పాను. నవ్వు ఆపుకోలేక ఆ సంగతి హిందీలో తాయికీ, ఒంటెలు తెచ్చిన భూరారాంకూ చెప్పాను. అతను నవ్వలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది, ఒకప్పుడు ఇటు పెద్ద నది పారేదని మా తాతలు చెప్పేవాళ్లు అన్నాడు.

పోశక్కకు బజారు హిందీ వచ్చు. ఆ మాట పట్టుకుంది. మా వైపు ఏ నదినైనా గంగే అంటారు. "ఉన్న గంగ ఏడికి పోతది? ఎప్పుడన్న ఒకనాడు వస్తది," అని నెమ్మదిగా అని, ఇసుక అంతటినీ ఒకసారి కలియజూసింది. మర్నాడు గంట కొట్టారు, అందరి నోళ్లూ మూతపడ్డాయి.

ఎడారి నడక గురించి చాలా చెప్పొచ్చు. నాకు గుర్తున్నది మాత్రం పిక్కలు లాగడం, చెప్పుల్లో ఇసుక, మధ్యాహ్నం సజ్జరొట్టె మీద కూడా ఇసుక. ఖరీదైన బూట్లు వేసుకున్న చంద్రపూర్ ఆడవాళ్లు దిబ్బ ఎక్కుతూ రెండడుగులు వేస్తే ఒకటి కిందికి జారుతున్నారు. పోశక్క ఒట్టి కాళ్లతో, మునివేళ్లు ముందు గుచ్చి, మడమ ఆనించకుండా ఎక్కేది. రెండో రోజుకు వరుసలో ఆమె వెనక ఉన్న ఏడుగురం బూట్లు విప్పి మెడలో వేసుకుని, ఆమె అడుగుల్లోనే అడుగులు వేశాం. అత్తమ్మను ఆమె ఎత్తలేదు, నెట్టలేదు. ఒక అడుగు ముందు నడుస్తూ, వెనక్కి చెయ్యి చాపి ఉంచేది. కావాలంటే పట్టుకోవచ్చు, అక్కర్లేకపోతే లేదు. అలాంటి మర్యాద నేను పెద్ద చదువులు చదివినవాళ్లలో కూడా చూడలేదు.

కానీ ఒక విషయంలో ఆమె నన్ను విసిగించింది. చలిగాలి తగలకుండా గుడారాలు దిబ్బల మధ్య పల్లంలో వేసేవాళ్లు. పోశక్క మొదటి సాయంత్రమే అత్తమ్మ పక్కబట్టలు చుట్టేసి దిబ్బ మీదికి మోసుకుపోయింది. మోయకూడదని తాయి వేలు చూపించినా వినలేదు. అత్తమ్మ ఎక్కడుంటే కోడలూ అక్కడే కాబట్టి నేనూ ఎక్కాను. పైన గాలికి పళ్లు టకటకలాడాయి. ఇదేం మొండితనం అని అడగడానికి నోరు లేదు. కళ్లతోనే తిట్టాను. ఆమె నా దుప్పటి కూడా సర్ది వెళ్లిపోయింది.

ఇంకోటి, కర్ర. రోజూ చీకటి పడకముందే, పగలంతా చేత పట్టుకు నడిచే పుల్ల తీసుకుని, దానికి పాత చీర కొంగు ముక్క కట్టి, పల్లం మొదట్లో పాతేది. దాని ముందు కాసేపు నిలబడి, ఆ వైపూ ఈ వైపూ చూసి వచ్చేది. ఆమె ముఖంలో అంత శ్రద్ధ చూసి మావాళ్లంతా ఇది అడవివాళ్ల పూజ కాబోలు అనుకున్నారు. అడుగుదామంటే మౌనం. రెండో రోజు ఎవరో కర్రకు దండం పెట్టారు. మూడో రోజు పసుపు కుంకుమ పడ్డాయి. నాగ్‌పూర్ నుంచి వచ్చిన ఒకావిడ ఖర్జూరం నైవేద్యం పెట్టి ప్రదక్షిణ కూడా చేసింది. పోశక్క పక్కన నిలబడి వాళ్లను ఆశ్చర్యంగా చూసింది. నేనూ దండం పెట్టాను, అబద్ధమెందుకు.

నాలుగో రోజు పొద్దున నడకలో పోశక్క పడిపోయింది. కాలు జారి కాదు. నడుస్తూ నడుస్తూ మోకాళ్ల మీద కూలి, ముఖం ఇసుకకు ఆనించింది. పరుగెత్తి లేపాం. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. జమ్మిచెట్టు నీడలో కూర్చోబెట్టి నీళ్లు తాగించాక, ఎండదెబ్బా, కడుపులో ఏమైనా తేడానా అడగమని తాయి నాకు మాట్లాడే అనుమతి ఇచ్చింది.

"ఏం రోగం లేదు. నిద్ర," అంది పోశక్క.

రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదా అంటే, తనే పోలేదంది. మూడు రాత్రుల సంది కావలి ఉన్నానంది. దేనికి కావలి అని అడిగాను.

"నీళ్లకు."

అప్పుడు కర్ర అర్థమైంది. ప్రాణహిత ఒడ్డున ఇసుకలో పని చేసేవాళ్లు నీళ్ల అంచున పుల్ల పాతి, అది ఎంత మునిగిందో చూసుకుంటారు. ఆమె మూడు రాత్రులూ దిబ్బ మీద కూర్చుని, గంటకోసారి దిగి, పుల్ల మొదలు తడిసిందేమో చూసి మళ్లీ ఎక్కింది. అత్తమ్మను పైన పడుకోబెట్టిందీ అందుకే. పల్లంలో ఉన్న పదిహేను మందినీ ఎట్ల లేపాలో, ఏ గుడారం దగ్గరికి ముందు ఉరకాలో కూడా లెక్క వేసి పెట్టుకుంది. ఇదంతా నేను తాయికి మరాఠీలో చెబుతుంటే వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు. మౌనంలో మాటలకే నిషేధం, నవ్వుకు లేదు.

తాయి నవ్వలేదు. పోశక్క పక్కన కూర్చుని, ఇక్కడికి దరిదాపుల్లో ఎక్కడా నది లేదని, వాన పడి కూడా నెలలయిందని బడిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. నేను ఫోన్‌లో పటం తీసి చూపించాను. పోశక్క అంతా విన్నది. పటం కూడా మర్యాదగా చూసింది.

"మీరు సదువుకున్నోళ్లు. మీరన్నదే నిజం కావచ్చు," అంది. "సోముకు సుత అందరు గిట్లనే చెప్పిండ్రు. మాఘంల నీళ్లేడికెల్లి వస్తయని."

నేను ఫోన్ సంచిలో పెట్టేశాను. ఆమె లేవబోయింది. మళ్లీ కూలబడింది. పడుకోమంటే వినదు, కాశీనాథ్ సేటుకు మాట ఇచ్చిన అంటుంది. ఇంకో రాత్రి ఇలాగే ఉంటే మనిషి దక్కదని తాయి నాతో మెల్లగా అంది. దగ్గరి ఆసుపత్రికి జీపులో నాలుగు గంటలట. బలవంతంగా పంపిద్దామంటే అత్తమ్మను ఇసుకలో వదిలి పోశక్క కదలదు. ఏం చేయాలో మాకెవరికీ తోచలేదు.

అప్పుడు అత్తమ్మ తన చాప చంకన పెట్టుకుని వచ్చింది. నాలుగు రోజుల మౌనం ఆమెది. ఇంకొక్క రోజు గడిస్తే పదకొండేళ్లుగా మొక్కుకుంటున్నది తీరుతుంది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నోటి నుంచి దగ్గు తప్ప ఏమీ రాలేదని నేనే సాక్ష్యం. వచ్చి పోశక్క ఎదురుగా నిలబడింది.

"ఎగువెటు?" అని అడిగింది.

గొంతు బొంగురుపోయి ఉంది. పోశక్క తెల్లబోయి చూసి, ఈశాన్యం వైపు చెయ్యి చూపింది. అత్తమ్మ అటు ముఖం పెట్టి చాప పరిచి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"నువ్వు పండుకో పోశక్కా. నీళ్లొస్తె నేను లేపుత."

పోశక్క ఆమెను చాలాసేపు చూసింది. నలభై ఏళ్లు గల్లా ముందు కూర్చున్న మనిషి ఈ పనికి పనికొస్తుందా లేదా అని తూచినట్టే చూసింది.

"కన్నంటుకోదు గద అమ్మా?"

"అంటుకోదు."

పోశక్క అక్కడే, ఇసుక మీదే పక్కకు ఒరిగింది. తల కింద చెయ్యి పెట్టుకునే లోపే నిద్రపోయింది. ఆ నిద్ర చూస్తే నాకు ఏడుపొచ్చింది. మా గోదాములో పదకొండేళ్లుగా చూస్తున్నాను, మధ్యాహ్నం బస్తాల మీద అందరూ వాలినా ఆమె ఒక్కతే గోడకు ఆనుకుని కళ్లు తెరుచుకుని ఉండేది. పని మీద ధ్యాస అనుకునేవాళ్లం.

ఆ సాయంత్రం నడక తాయి మానిపించింది. ఎండ తిరిగి నీడ పక్కకు జరిగింది. నేను దుప్పటి పట్టుకుని పోశక్క ముఖానికి నీడ చేశాను. అత్తమ్మకు నీళ్లిచ్చాను, తాగింది గానీ తల తిప్పలేదు. తన వంతు తను చేస్తున్నట్టే ఉంది. నమ్మి చేస్తోందా, నటిస్తోందా అని ఒకసారి ముందుకు వంగి ఆమె కళ్లలోకి చూశాను. ఆమె నిజంగానే చూస్తోంది.

పొద్దు వాలే వేళ పోశక్క లేచింది. ముందు వెళ్లి పల్లంలో కర్ర పాతి చూసుకుంది. తర్వాత వచ్చి అత్తమ్మ పక్కన కూర్చుంది. అత్తమ్మ ఇంకా అటే చూస్తోంది.

"రాలే," అంది అత్తమ్మ.

పోశక్క తల ఊపింది. ఎవరితోనో అన్నట్టు కాకుండా సూటిగా ఆమెతోనే అంది: "సోముకు సుత ఆనాడు నీ అసొంటి మనిషి తోడుంటె బతుకుతుండె అమ్మా."

ఆమె ఆ పాత మాట గుర్తుండి అన్నదో, గుర్తు లేకుండానే అన్నదో నాకు తెలియదు. పోశక్క ఎత్తిపొడిచే మనిషి కాదు. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి నేను దూరంగా వెళ్లిపోయాను. పదకొండేళ్లుగా చెప్పలేని మాట ఆ వేళ చెప్పిందో లేదో నేను వినలేదు. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ఒకే చెంబులో నీళ్లు తాగుతున్నారు.

చీకటి పడే ముందు తాయి పలక తీసి దాని మీద పేర్లు రాసింది. పోశక్కను వదిలేసి మిగతా అందరికీ కావలి వంతులు. మొదటి వంతు తాయిదే. పొద్దున నవ్విన ఇద్దరూ ఏమీ అనకుండా తమ పేర్ల పక్కన వేలితో సున్నా చుట్టారు. గుడారాలు ఆ రాత్రి దిబ్బ మీద వేశాం. మేమంతా చలికి వణికాం.

నా వంతు తెల్లవారుజామున వచ్చింది. సోమును నీళ్లు పట్టుకున్న వేళ అది. అక్కడికి నీళ్లు రావని నాకు తెలుసు, బీఎస్సీ చదివినదాన్ని. అయినా ఆ గంటలో రెండుసార్లు దిబ్బ దిగి, పసుపు కుంకుమలు అంటిన ఆ కర్ర మొదట్లో ఇసుక తడిసిందేమో చేత్తో తడిమి చూశాను. పొడిగానే ఉంది. పైకి వస్తే పోశక్క నోరు తెరుచుకుని గురక పెడుతోంది. పక్కన అత్తమ్మ మేలుకునే ఉంది. నన్ను చూసి ఏమైంది అన్నట్టు గడ్డం ఎత్తింది. రాలేదని చెయ్యి ఊపాను. అప్పుడు కళ్లు మూసుకుంది.